కత్తికీ ఓ చేతివాటం

బంగాళాదుంప వేపుడు చేసిన ప్రతిసారీ మా వారు ఒకే ప్రశ్న వేసేవారు. "సగం ముక్కలు మాడాయి, సగం పచ్చిగా ఉన్నాయి, ఎలా చేస్తావసలు?" అని. ముక్కల్ని చేతిలోకి తీసుకుని చూస్తే ఆయన మాట నిజమే. ఒక్కో చెక్క పైన మందంగా, కిందికి వచ్చేసరికి కాగితంలా పలచగా ఉండేది. సొరకాయ తరిగినా అంతే, ముల్లంగి తరిగినా అంతే. కత్తి నిటారుగానే దింపుతున్నాననుకునేదాన్ని, అది మాత్రం ఎడమ పక్కకి జారుకునేది.

తప్పు నాదేననుకున్నాను. కారణం ఉంది. నాది పుర్రచెయ్యి. ఆ మాట మా నాయనమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పుర్రచేత్తో పెట్టకు, పుర్రచేత్తో ఇవ్వకు, పుర్రచేత్తో ప్రసాదం తీసుకోకు. రాత మా అక్షరాభ్యాసం రోజు నుంచీ కుడిచేతికి మార్పించారు. అన్నమూ కుడిచేత్తోనే. మిగిలింది వంటిల్లు ఒక్కటే. మా ఊళ్లో ఉన్నన్నాళ్లూ అక్కడా ఇబ్బంది రాలేదు. కత్తిపీట ముందు కూర్చుంటే కత్తి కదలదు, కాయే కదులుతుంది. రెండు చేతులతోనూ పట్టుకుని తొయ్యడమే కాబట్టి ఏ చేతివాళ్లమో ఎవరికీ పట్టేది కాదు. అమెరికా వచ్చి నిలబడి తరగడం మొదలుపెట్టాక గానీ కత్తి నా ఎడమచేతిలోకి వెళ్లిపోతోందని నేనే గమనించలేదు.

ఇక ఆ కత్తి సంగతి. మేముండే శాన్ హోసే చుట్టుపక్కల పాత జపనీస్ కుటుంబాలు చాలా ఉన్నాయి. పెద్దవాళ్లు పోయాక, పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తూ ఎస్టేట్ సేల్ పెడతారు. శనివారం పొద్దున్నే వెళ్తే పింగాణీ గిన్నెలు, ఇనప టీ కెటిల్సు, రాతి ఉప్పు జాడీలు కారుచవకగా దొరుకుతాయి. అలాంటి ఓ ఇంటి గరాజ్‌లో, పాత వార్తాపత్రికలో చుట్టి ఉన్న కూరగాయల కత్తి పన్నెండు డాలర్లకి కొన్నాను. దీర్ఘచతురస్రంలా ఉంది, పిడి తెల్లకొయ్యది, రేకు మీద ఉలితో చెక్కిన జపనీస్ అక్షరాలు. అట్టముక్క మీద "నాకిరి, కూరగాయల కత్తి" అని రాసిపెట్టారు. నేనూ నాకిరీ అనే నమ్మాను.

వంకర ముక్కలు భరించలేక, పదును పోయిందనుకుని, ఓ సానరాయి కొన్నాను. వీడియోలో చెప్పినట్టే రెండు పక్కలా పదిహేనేసి డిగ్రీలు పెట్టి గంటసేపు రుద్దాను. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివినదాన్ని, కోణం తప్పకుండా ఉండాలని ఓ చెక్క ముక్క కోసి ఆసరా కూడా పెట్టుకున్నాను. కోణం తప్పలేదు. పెట్టకూడని పక్క పెట్టాను, అంతే.

ఈ సంగతి నాకు జపాన్‌టౌన్‌లో ఓ సానపట్టే దుకాణంలో తెలిసింది. అమెరికాలో ఇంకా మిగిలిన మూడు జపాన్‌టౌన్లలో మాది ఒకటి. మిగతా రెండూ శాన్ ఫ్రాన్సిస్కోలో, లాస్ ఏంజెలెస్‌లో. ఆ దుకాణంలో పెద్దాయన కత్తిని దీపం కింద అటూ ఇటూ తిప్పి, వెనక పక్క నేను కొత్తగా పెట్టిన వాలు మీద గోరు ఆనించి, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగారు, "ఇది నాకిరి అని ఎవరు చెప్పారు?" అని. రెండో ప్రశ్న, "మీరు ఎడమచేత్తో కోస్తారా?" అని.

అప్పటికి నా చేతులు రెండూ కౌంటర్ మీద ఊరికే ఉన్నాయి. ఎలా తెలిసిందని అడిగితే, "కుడిచేతివాళ్లకి ఈ కత్తి మీద కోపం రాదు" అన్నారు.

నా చేతిలో ఉన్నది నాకిరి కాదు, ఉసుబా. పైగా కుడిచేతివాళ్ల ఉసుబా.

ఒకే ఆకారం, రెండు కత్తులు

జపాన్‌లో కూరగాయలకి ముఖ్యంగా రెండు రకాల కత్తులున్నాయి. నాకిరి ఇళ్లలో వాడేది. 'నా' అంటే ఆకుకూర, 'కిరి' అంటే కోయడం. ఉసుబా వంట వృత్తిగా ఉన్నవాళ్లది. ఆ మాటకి పలచని అంచు అని అర్థం. రెండూ ముందుకి మొన లేకుండా, పొడవాటి పలకలా ఉంటాయి. గోడకి తగిలిస్తే దూరం నుంచి ఏది ఏదో చెప్పలేం. అమ్మేవాళ్లు, ముఖ్యంగా వారసులు, రెండింటికీ ఒకే పేరు పెట్టేస్తారు. పెట్టె మీద రాసిందీ నమ్మడానికి లేదు, ఎందుకంటే కొందరు తయారీదారులు నాకిరినే 'రెండంచుల ఉసుబా' అని కూడా రాస్తారు. పిడి చూసి చెబుదామంటే కొయ్య పిడి మార్చడం ఐదు నిమిషాల పని. పాత కత్తికి రెండో, మూడో పిడి ఉండటం మామూలే.

మారనిది ఒక్కటే, లోహాన్ని చెక్కిన తీరు. సేకరించేవాళ్లు ముందు చూసేది అదే.

నాకిరి మన మామూలు కత్తిలాగే రెండు పక్కలా సమంగా అంచుకి దిగుతుంది. అడ్డంగా కోసి చూడగలిగితే ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఉంటుంది. ఉసుబా అలా కాదు, వడ్రంగి ఉలిలాంటిది. ఒక పక్కే వాలు. ఆ ముందు పక్క సగం దాకా చదునుగా వచ్చి, ఒక గీత దగ్గర విరిగి, అక్కణ్నుంచి అంచు దాకా ఏటవాలుగా దిగుతుంది. ఆ గీతని షినోగి అంటారు, కింది వాలుని కిరిహా అంటారు. వెనక పక్క చూడ్డానికి చదునుగా ఉంటుంది గానీ చదును కాదు. మధ్యలో కంటికి ఆననంత లోతుగా పల్లం ఉంటుంది. దాని పేరు ఉరాసుకి. పల్లం చుట్టూ సన్నటి అంచులా మిగిలిన చదును పేరు ఉరాఓషి. అసలు గుట్టంతా ఈ వెనక పక్కనే ఉంది.

ఆ పల్లం ఉందో లేదో చూడ్డానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. పిల్లల జామెట్రీ బాక్సులోని స్టీలు స్కేలు చాలు. కత్తి వెన్ను నుంచి అంచు దాకా అడ్డంగా స్కేలుని నిలువంచున ఆనించి, వెనక నుంచి ఫోన్ టార్చి వెయ్యండి. నాకిరి అయితే వెలుతురు మధ్యలోంచి రాదు. ఉసుబా వెనక పక్క అయితే స్కేలు రెండు చివర్లే తగులుతాయి, మధ్యలో సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. నా కత్తికి ఆ సందులో ప్రింటర్ కాగితాలు దూర్చి చూశాను. మూడు దూరాయి, నాలుగోది దూరలేదు. ఒక కాగితం మందం దాదాపు 0.1 మి.మీ. కాబట్టి పల్లం లోతు సుమారు 0.3 మి.మీ.

ఇక్కడ నాలోని పాత విద్యార్థిని లేచింది. 40 మి.మీ. వెడల్పులో 0.3 మి.మీ. లోతున్న వంపు ఎంత పెద్ద వృత్తంలోని ముక్క? వెడల్పు వర్గాన్ని లోతుకి ఎనిమిది రెట్లతో భాగిస్తే వ్యాసార్ధం వస్తుంది. 1600ని 2.4తో భాగిస్తే 667 మి.మీ. అంటే మీటరున్నర వ్యాసానికి కాస్త తక్కువ. మన గరాజుల్లో ఉండే ఆరంగుళాల గ్రైండర్ చక్రంతో అదే వెడల్పులో పల్లం తీస్తే లోతు 2.7 మి.మీ. దాకా పోతుంది. కత్తి వెన్ను మందమే మూడు మి.మీ.! ఈ పల్లం పోతే చిన్న చక్రంతో తిరిగి తెచ్చుకోవడం అసాధ్యమని అప్పుడు అర్థమైంది. దుకాణంలో పెద్దాయన మౌనం కూడా.

రెండో గుర్తు లోహంలోనే ఉంటుంది. ఈ కత్తులు ఎక్కువగా రెండు లోహాల అతుకు. గట్టి ఉక్కు హగానే, మెత్తటి ఇనుము జిగానే. నాకిరిలో ఉక్కు మధ్యన, ఇనుము రెండు పక్కలా. సాండ్‌విచ్ అనుకోండి. అందుకే అంచుకి కాస్త పైన అతుకు గీత రెండు ముఖాల మీదా కనిపిస్తుంది. ఉసుబాలో ఉక్కు పలక వెనక పక్కనే ఉంటుంది, ముందు పక్క ఇనుము. గీత ముందు వాలు మీద మాత్రమే కనిపిస్తుంది, వెనక అంతా ఉక్కే. ఇనుము మసకగా, ఉక్కు మెరుపుగా ఉండటం వల్ల ఈ రకాన్ని కసుమి అంటారు. పొగమంచు అని అర్థం. మొత్తం ఒకే ఉక్కుతో చేసినది హొన్‌యాకి. దాని మీద అతుకు గీత బదులు, కత్తికి నీళ్లు పట్టినప్పుడు ఏర్పడ్డ అల లాంటి గీత ఉంటుంది. అవి అరుదు, ఖరీదు. ఎస్టేట్ సేల్లో దొరికితే నాకు కూడా చెప్పండి.

ఇప్పుడు నేను చేసిన పని తలుచుకోండి. వెనక పక్క అంటే ఉక్కు పక్క. పలచటి గట్టి పొర ఉన్నదే అక్కడ. దాన్నే గంటసేపు అరగదీశాను.

నా చేతిలో ఎందుకు జారింది?

కత్తి వాలు ఒక పక్కే ఉన్నప్పుడు, కాయలోకి దిగుతుంటే ఆ వాలు మీద కాయ ఎదురు తోపిడి ఇస్తుంది. రెండో పక్కన అంత తోపిడి లేదు. కాబట్టి కత్తి వాలు లేని పక్కకి జరగాలని చూస్తుంది. మరి కుడిచేతి వంటవాళ్లకి ఎందుకు జరగదు?

వాళ్లు ఎడమచేత్తో కాయని పట్టుకుంటారు, తెగిన చెక్క కుడిపక్క పడుతుంది. కుడిచేతి ఉసుబా వాలు కుడిపక్కే. అంటే వాలు తాకేది తెగిపోతున్న పలచటి చెక్కని. పలచటి చెక్క వంగి తప్పుకుంటుంది, ఎదురు తోయలేదు. కత్తి నిటారుగా దిగుతుంది, చెక్క విడిగా ఒరుగుతుంది. నేనేమో కాయని కుడిచేత్తో పట్టి ఎడమచేత్తో కోస్తున్నాను. వాలు ఇప్పుడు తాకుతున్నది కదలని పెద్ద ముక్కని. అది వంగదు, కత్తినే ఎడమకి నెడుతుంది. తెగే చెక్క ఎడమపక్కే కాబట్టి కిందికి వచ్చేకొద్దీ పలచబడుతుంది. వేపుడు రహస్యం అంతే! ఇన్నేళ్లు చదివిన బలాలు, ప్రతిబలాలు నా కత్తిపలక మీదే ఉన్నాయి. నేను మాత్రం నా చేతిని తిట్టుకున్నాను.

ఒక పక్క వాలు ఎందుకంత కష్టపడి పెడతారంటే, అంచు కోణం అంత తక్కువగా పెట్టగలరు కాబట్టి. నా కత్తికి షినోగి దగ్గర మందం 3 మి.మీ., కిరిహా వెడల్పు 15 మి.మీ. మూడుని పదిహేనుతో భాగిస్తే 0.2, అంటే సుమారు 11 డిగ్రీలు. రెండు పక్కలా పదిహేనేసి పెట్టిన కత్తి అంచు ముప్ఫై. ముల్లంగిని గుండ్రంగా తిప్పుతూ, తెగకుండా మీటర్ల పొడవున పట్టుబట్టలా ఒకే పొర తీసే విద్య ఒకటుంది, కట్సురాముకి అంటారు. ఉసుబా పుట్టింది అలాంటి పనికి. వెనక పల్లం వల్ల పొర కత్తికి పూర్తిగా అతుక్కోదు. సానపెట్టేటప్పుడూ వెనక పక్క మొత్తం అరగక్కర్లేదు, సన్నటి చుట్టంచు మాత్రమే రాయికి తగిలితే చాలు. ఎవరు కనిపెట్టారో గానీ, ఒక్క పల్లంతో రెండు పనులు.

మన వంటకి ఇది పనికొస్తుందా అని అడుగుతారేమో. క్యాబేజీ, కీర, ముల్లంగి, అల్లం పుల్లలకి అద్భుతం. గుమ్మడికాయ, మునక్కాడ, కొబ్బరి, ఎముకల జోలికి వెళ్తే అంచు పెచ్చులు లేచిపోతుంది. పాతవన్నీ తుప్పు పట్టే ఉక్కే. పచ్చి అరటికాయ, మామిడికాయ కోస్తే ముక్కలూ నల్లబడతాయి, కత్తీ నల్లబడుతుంది. కోసిన వెంటనే కడిగి పొడిగా తుడవాలి, డిష్‌వాషర్ మాటెత్తకూడదు. ఇండియా తీసుకెళ్లేట్టయితే చెక్-ఇన్ సామానులోనే.

పాతదాన్ని చదవడం

ఉసుబా అని తేలాక ఇంకో మెట్టుంది, ఏ ఉసుబా అన్నది. టోక్యో వైపు కాంటో తీరులో చివర చతురస్రంగా తెగి ఉంటుంది. ఒసాకా, క్యోటో వైపు కాన్సాయ్ తీరులో వెన్ను చివరికొచ్చేసరికి వంపు తిరిగి మొన దిగుతుంది. దాన్ని కమగత అంటారు. 'కమ' అంటే కొడవలి. ఇది సాన తీరు కాదు, ఆకారమే, చూడగానే తెలుస్తుంది. అందుకే దీని గురించి ఎక్కువ చెప్పను. కమగత మాత్రం నాకిరితో పొరపడే అవకాశం తక్కువ, అందుకే చవగ్గా దొరకడమూ తక్కువ.

అసలు ఆసక్తి అంతా ఆ కత్తి ఎలా బతికిందో చదవడంలో ఉంది. వెనక చుట్టంచు దారంలా సన్నగా ఉంటే తక్కువ వాడిందో, తెలిసినవాళ్లు వాడిందో. వేలెడు వెడల్పైతే ఎవరో వెనక పక్కనే తెగ రుద్దారన్నమాట. పల్లం పూర్తిగా మాయమైతే కత్తి బతుకు చివరికి వచ్చినట్టే. షినోగి గీత కత్తిలా నిఖార్సుగా ఉందా, సబ్బు అరిగినట్టు గుండ్రంగా ఉందా చూడండి. గుండ్రంగా ఉండి పైనంతా అద్దంలా మెరుస్తుంటే, అమ్మేవాళ్లు పాలిషింగ్ చక్రం మీద పెట్టారు. కొనేవాళ్లకి మెరుపు నచ్చుతుందని చేస్తారు, సేకరించేవాళ్లు ఆ మెరుపు చూడగానే వెనక్కి పెట్టేస్తారు. తుప్పు మచ్చలున్నా గీత నిలిచిన కత్తి దీనికన్నా వంద రెట్లు నయం. కాకపోతే ఆ మచ్చ గుంటలు వెనక పక్క అంచు దగ్గరుంటే వద్దు. సాన అక్కడిదాకా వచ్చిన రోజు అంచు ముక్కలవుతుంది. చవక రకాల్లో అసలు పల్లమే తియ్యరు, వెనక చదునుగా వదిలేస్తారు. స్కేలు పెడితే ఇదీ దొరికిపోతుంది.

ఈ పని తెలిసినవాళ్ల ఊరు ఒసాకా పక్కన సాకాయ్. పొగాకు జపాన్‌కి వచ్చాక ఆకు తరిగే కత్తులతో ఆ ఊరికి పేరొచ్చింది. తోకుగావా షోగన్ల కాలంలో వాటికి ప్రభుత్వ ముద్ర కూడా దక్కింది. ఇప్పటికీ అక్కడ కొలిమి పని ఒకరిది, సాన పని వేరొకరిది, పిడి ఇంకొకరిది. రేకు మీద చెక్కిన పేరు చూసి మనం ఒక మనిషిని ఊహించుకుంటాం గానీ, ఆ పల్లం తీసిన చెయ్యి పేరు చాలాసార్లు దాని మీద ఉండదు. మన దగ్గర చీర మీద నేతగాడి పేరు ఉండనట్టే.

ఇక కుడా ఎడమా. పిడి మీ వైపు, చివర అవతలికి, పదును కిందికి పెట్టి పై నుంచి చూడండి. వాలు మీ కుడిపక్క ఉంటే కుడిచేతి కత్తి, ఎడమపక్క ఉంటే ఎడమచేతిది. ఇంత తేలిక. కానీ ఆన్‌లైన్ ఫొటోలో కొనేటప్పుడు ఒక మోసం ఉంది, మనిషి చేసే మోసం కాదు, ఫోన్‌ది. సెల్ఫీ కెమెరాతో తీసిన బొమ్మ కొన్నిసార్లు అద్దంలోలా తిరగబడుతుంది. కుడిచేతి కత్తి ఎడమచేతిదైపోతుంది. జపనీస్ అక్షరాలు మనకి రావు కాబట్టి పట్టుకోలేం. అందుకే పక్కన టేపు గానీ ఏదైనా ఇంగ్లీషు అక్షరాలున్న వస్తువు గానీ పెట్టి మళ్లీ ఫొటో తియ్యమని అడగండి. ఎడమచేతివి తక్కువ చేస్తారు, కొత్తవాటి ధర కూడా ఎక్కువే. ఆర్డరిస్తే గానీ చెయ్యని చోట్లు చాలా.

నా పన్నెండు డాలర్ల కత్తికి జరిగింది చెప్పి ముందుకెళ్తాను. పెద్దాయన దాన్ని బతికించారు. వెనక నేను పెట్టిన వాలు పోయేదాకా అంచునే పైకి అరగదీసి, ముందు వాలు మళ్లీ మొదట్నుంచి పెట్టారు. మూడు మి.మీ. ఎత్తు పోయింది. సానకి ఇచ్చింది కత్తి ధరకి నాలుగింతలు. మా వారికి ఇప్పటికీ సగమే చెప్పాను, ఇది చదివితే మిగతాది తెలుస్తుంది. అంత చేసినా అది కుడిచేతి కత్తే. మా పెద్దమ్మాయి కుడిచేతిది, దానికిచ్చేశాను.

ఇంకో గరాజ్

పోయిన వేసవిలో, స్నేహితురాలితో కలిసి ఇంకో ఎస్టేట్ సేల్‌కి వెళ్లాను. వంటింటి సామాను ఒక పెట్టెలో గుట్టగా పోసి, మొత్తానికి ఇరవై డాలర్లని రాశారు. గరిటెలు, తురుము పళ్లాలు, అడుగున బట్టలో చుట్టిన కత్తి. చతురస్రం చివర. "నాకిరి" అని మళ్లీ అదే అట్టముక్క. అలవాటుగా పిడి నా వైపు తిప్పుకున్నాను. వాలు ఎడమపక్క ఉంది.

నమ్మలేక బయట ఎండలోకి తీసుకెళ్లాను. వెనక పక్క స్కేలు పెట్టాను (ఈ మధ్య పర్సులోనే ఉంటోంది). సన్నటి వెలుగు గీత. చుట్టంచు దారంలా ఉంది, షినోగి చెక్కు చెదరలేదు. ఎవరో ఏళ్ల తరబడి ఎంతో శ్రద్ధగా సానపెట్టుకున్న ఎడమచేతి ఉసుబా. రెండేళ్లుగా ధరలు చూసి మూసేస్తున్నది నాది కాబోతోంది, ఇరవై డాలర్లకి, గరిటెలు ఉచితం.

"మాట్లాడకుండా కొనెయ్" అంది స్నేహితురాలు తెలుగులో. చేతివాటం అన్న మాటకి మన భాషలో ఇంకో అర్థం కూడా ఉంది కదా, అది గుర్తొచ్చింది. డబ్బిచ్చి కొనడం దొంగతనం కాదు, నిజమే. కానీ పన్నెండు డాలర్లప్పుడు నాకూ తెలియదు, అమ్మినవాళ్లకీ తెలియదు. ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు.

బల్ల దగ్గర కూర్చున్నావిడకి అరవై దగ్గరుంటాయి. ఈ కత్తి ఎవరిదని అడిగాను. అమ్మదట. ఈ దేశానికి పెళ్లయి వచ్చినప్పుడు తెచ్చుకున్నదట. "మీ అమ్మగారిది ఎడమచెయ్యా?" అన్నాను.

"కాదే, కుడిచేత్తోనే రాసేది. తినేదీ కుడిచేత్తోనే."

నేనూ అంతేనన్నాను. స్కేలు పెట్టి వెలుగు చూపించాను, వాలు చూపించాను. ఇది కుడిచేత్తో ఎవరూ ఇష్టపడి వాడలేని కత్తి అని, పైగా ఇన్నేళ్లు వాడి అరిగిన కత్తి అని చెప్పాను. ధర సంగతి కూడా చెప్పేశాను. జపాన్‌లోనూ ఒకప్పుడు ఎడమచేతి పిల్లలకి పుల్లలు, కలం కుడిచేతికి మార్పించేవారని ఆవిడకి నేను చెప్పనక్కర్లేదు.

ఆవిడ కత్తిని తీసుకుని కుడిచేత్తో పట్టుకున్నారు, తర్వాత ఎడమచేతికి మార్చుకున్నారు. కాసేపయ్యాక, "చిన్నప్పుడు సింకు దగ్గర అమ్మ పక్కన నిలబడి తరుగుతుంటే మా మోచేతులు ఎప్పుడూ కొట్టుకునేవి" అన్నారు. "నాకు వంట చేతకాక అనుకునేదాన్ని. ఎప్పుడూ నన్ను అటు పక్కకి వెళ్లమనేది. ఎందుకో చెప్పేది కాదు."

పెట్టె మీది అట్టముక్క తీసేసి, కత్తిని మళ్లీ అదే బట్టలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు. సానపట్టే పెద్దాయన దుకాణం ఎక్కడో రాసిచ్చాను. వెనక పక్క ఎవరినీ ముట్టుకోనివ్వొద్దని రెండుసార్లు చెప్పాను.

మిగతా పెట్టె ఊరికే తీసుకెళ్లమన్నారు గానీ, రెండు డాలర్లిచ్చి అల్లం తురుము పళ్లెం ఒక్కటే తీసుకున్నాను. కారెక్కాక స్నేహితురాలు చాలాసేపు మాట్లాడలేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం, "నీ స్కేలు ఒకసారి ఇవ్వు, మా ఇంట్లో అత్తయ్య తెచ్చిన కత్తొకటుంది, చూడాలి" అంది.